బూడిద తడవని రోజులు

పాప పుట్టిన మూడో రోజు

తలుపు 7. బూడిద: తడి. దిగినవారు: ఎవరూ లేరు.

పై వరుస ఉద్యోగం కోసం రాసింది. ముప్పై నాలుగేళ్ళుగా ఈ పుస్తకంలో నేను రాస్తున్నది రోజుకి ఆ ఒక్క వరుసే. ఇవాళ్టి నుంచి దాని కింద ఇంకొంచెం రాస్తాను, ఎందుకంటే పై వరుసలో అబద్ధం ఉంది.

బూడిద తడిసిన మాట నిజం. తడిపింది చెమట కాదు, ఉమ్మి.

నా పేరు పరంజ్యోతి. గట్టు మీద నిలుచునేవాణ్ణి. ఆదివారం బోధ కూడా చెబుతాను. ఎవరూ నియమించలేదు, నాకై నేను చదువుకుని మొదలుపెట్టాను, ఎవరూ ఆపలేదు. మా గ్రంథం నీళ్ళలో నాని మొదటి నూట పది పేజీలు పోయాయి. లోకం ఎలా మొదలైందో మాకు తెలీదు, దాని మీద మేం వాదించుకోం. నూట పదకొండో పేజీ "మరియు" అని మొదలవుతుంది. అక్కణ్ణించి అట్ట దాకా నాకు నోటికొచ్చు.

నిలుచోవడం అంటే ఇది. గట్టుకి ఇరవై రెండు తలుపులు. అటు సముద్రం, ఇటు మా వరి. సముద్రం పోటు మీదున్నప్పుడు తలుపులు కిందికి దిగి గట్టిగా కూర్చోవాలి. అవి దిగే గాడుల్లో బురదా ఆల్చిప్పలూ పేరుకుంటాయి కాబట్టి లస్కర్లు, అంటే తలుపుల పనివాళ్ళు, నీళ్ళలోకి దిగి గీకాలి. మనిషి గాడిలో ఉండగా తలుపు జారితే ఆ మనిషి ఉండడు. మా లస్కర్లకి భయం లేదు. ధైర్యవంతులని కాదు. లేదు, అంతే, కొందరికి మీసం రానట్టు. అందుకని వాళ్ళు దిగేముందు నన్ను ఆ తలుపు మీది పలక మీద నిలబెడతారు. నా కుడి అరచేతిలో పొడి బూడిద పరుస్తారు. ఐదు చరణాల పాట ఒకటి మొత్తం పాడతారు. పాట అయ్యాక పెద్ద లస్కరు నా చెయ్యి చూస్తాడు. బూడిద ముద్దకట్టి ఉంటే ఆ రోజు ఆ తలుపు జోలికి ఎవరూ పోరు.

గట్టు మీద భయం ఉన్నది నాకొక్కడికే. నేను పుట్టిన ఏడాది, భయం రాకుండా పసివాళ్ళకి వేసే చుక్కల మందు తెచ్చే పడవ తుఫానులో మునిగింది. ఇంకో పడవ వచ్చేసరికి నాకు నలభై రోజులు దాటిపోయాయి, ఆ తర్వాత వేసినా పనిచెయ్యవు. ఆ నలభై రోజుల్లో ఇక్కడ పుట్టింది నేనొక్కణ్ణే.

పెద్ద లస్కరు సువర్ణరాజు ఇవాళ నా చెయ్యి చూసి, "ఏడోది కూడానా అయ్యగారూ? నిన్న మూడు, మొన్న పదకొండు. ఈ మధ్య బాగా కారుస్తున్నారే" అన్నాడు.

"వయసు" అన్నాను.

"వయసొస్తే తగ్గాలి గదండీ."

తగ్గింది. ఆ సంగతి అతనికి తెలీదు. రెండేళ్ళుగా నా చెయ్యి ఎండిపోతూ వస్తోంది. ఏడు నెలల కిందటి పేజీ ఇక్కడ తిరిగి రాస్తున్నాను:

తలుపు 12. బూడిద: పొడి. దిగినవారు: ఆరుగురు. ఎక్కినవారు: ఐదుగురు.

ఎక్కనివాడి పేరు దేవసాయం. అతని భార్య వజ్రమ్మ, ఆమె కూడా లస్కరే, అప్పటికి కడుపుతో ఉంది. మూడు రోజుల కిందట ఆడపిల్ల పుట్టింది. నేను ముసలాణ్ణయ్యాను కనక ఆ పిల్లకి చుక్కలు వెయ్యొద్దనీ, పన్నెండేళ్ళు రాగానే నా పలక మీద నిలబెడదామనీ పంచాయితీ తీర్మానం. నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. చేశాను. స్పష్టమైన గొంతుతో చేశాను.


ఆరో రోజు

తలుపు 2. బూడిద: పొడి. దిగినవారు: నలుగురు. ఎక్కినవారు: నలుగురు.

చుక్కలు వేసే నర్సు ఎలిసమ్మక్క దగ్గరికి వెళ్ళాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. నేను బోధలో "జన్యువు" అన్నప్పుడల్లా వెనక బల్ల మీంచి దగ్గుతుంది. అది జబ్బు దగ్గు కాదు.

"కూర్చో. మళ్ళీ చెబుతా, ఈసారైనా రాసుకో" అంది.

రాసుకున్నాను. మెదడులో ప్రతి కణానికీ గుమ్మాలుంటాయి. బయటి నుంచి కబురు వచ్చి గుమ్మంలో వాలుతుంది, లోపలికి అడుగు పెట్టలేదు. దాన్ని అందుకుని కణం లోపలికి మోసుకుపోయే ప్రోటీన్ ఒకటుంది. దాని బతుక్కి అదొక్కటే పని. మెదడు అడుగున బాదంపప్పంత చోటుంది. అక్కడి కణాల్లో ఆ ప్రోటీన్ మోసే కబురు ఎప్పుడూ ఒక్కటే: ఇక్కణ్ణించి పో. ఆ ప్రోటీన్ ఎలా అల్లాలో రాసి ఉన్న చీటీయే ఈ జన్యువు. అమ్మ దగ్గర్నుంచి ఒక ప్రతి, నాన్న దగ్గర్నుంచి ఒక ప్రతి. పుట్టిన నలభై రోజుల దాకా ఆ చీటీని అక్కడ ఎవరూ చదవరు. తర్వాత చదవడం మొదలవుతుంది, ఇక చచ్చేదాకా ఆగదు. ఆ నలభై రోజుల లోపల ముక్కులో మూడు చుక్కలు వేస్తే రెండు ప్రతుల మీదా మూత పడుతుంది.

"చెరిపెయ్యం రా. చీటీ అక్కడే ఉంటుంది. చదివేవాడుండడు, అంతే."

చదివేవాడు లేని గ్రంథం! నేను లేచి నిలబడి చెయ్యెత్తాను. "అక్కా, ప్రతి మనిషి తలలోనూ తెరవని గ్రంథం! సృష్టికర్త స్వహస్తంతో రాసి పంపితే మనం..."

"కూర్చో. ఇవాళ ఆదివారం కాదు."

కూర్చున్నాను. దేవసాయం పోయినప్పుడు వజ్రమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదే, అదేమిటని అడిగాను.

"దుఃఖం వేరే చీటీ. కోపం ఇంకోటి. వాటి మీద మనం మూత పెట్టలేదు." నా చెయ్యి లాక్కుని అరచెయ్యి తిరగేసి చూసింది. "నీ చీటీ పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"ముప్పై నాలుగేళ్ళు అదే పలక, అదే పాట. చీటీ ఎంత బాగున్నా ఒళ్ళు అలవాటు పడిపోతుంది రా."

"చేస్తోందన్నానుగా అక్కా."

ఆమె దగ్గింది.


పద్నాలుగో రోజు, ఆదివారం

తలుపులకి సెలవు.

నరకం మీద బోధ చేశాను. రెండు గంటలు. అగ్ని గురించి చెప్పాను, గంధకం గురించి చెప్పాను, అడుగులేని గుంట అంచున మనిషి వేళ్ళతో వేలాడటం గురించి చెప్పాను. నా చొక్కా వీపున తడిసిపోయింది, అది వేరే చెమట, దానికి విలువ లేదు. నూట నలభై ఆరో పేజీ బిగ్గరగా చదివాను: "ఆ దినమున కావలివారు నవ్వుచుండిరి, పట్టణము వారి నవ్వుతోకూడ మునిగెను." బల్ల మీద పిడికిలితో గుద్దాను. సోదరులారా, వణుకు దేవుడి వరం, వణకడం చేతకాని చెయ్యి ఆయన చెయ్యి పట్టుకోలేదు అన్నాను.

తర్వాత ప్రశ్నలు.

"గుంటకి అడుగు లేదన్నారు, మరి మంట దేని మీద నిలుస్తుందండీ?" అని ఒకరు.

"గంధకం కాలితే వాసన భరించలేం. గాలి ఎటు వీస్తుంది?" అని ఇంకొకరు.

సువర్ణరాజు బాగా ఆలోచించి, "వేళ్ళతో వేలాడితే ఎంతసేపు, రెండు నిమిషాలు. నిచ్చెన వెయ్యాల్సింది అయ్యగారూ" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. నిచ్చెన వెయ్యకపోవడం పెద్ద లోపమని అనుకుంటూ భోజనాలకి వెళ్ళారు. ముప్పై నాలుగేళ్ళుగా ఇంతే.

వజ్రమ్మ మాత్రం కూర్చుండిపోయింది. పాప ఒళ్ళో నిద్రపోతోంది.

"నా పిల్లని మీ పలక మీద పెడతామంటున్నారు గదా అయ్యగారూ. భయం అంటే ఎలా ఉంటుంది? నొప్పా?"

"నొప్పి కాదమ్మా. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు పెడతావు, మెట్టుండదు. అప్పుడు ఉంటుందే, అది."

"అది నాకూ అవుతుంది. పడతాను."

"పడకముందు."

"పడకముందు ఏముంటుంది?"

ఇంకోలా ప్రయత్నించాను. కడుపులో చన్నీళ్ళు పోసినట్టుంటుందని, గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంటుందని, చేతులు చెమరుస్తాయని చెప్పాను.

"జ్వరం."

"జ్వరం లాంటిదే. ఏమీ జరగకముందే వస్తుంది."

"ఏమీ జరగకపోతే?"

"అప్పుడూ వస్తుంది."

పాప తల నిమిరింది. "దేవుడిచ్చిన వరం అని ఇందాక గుద్ది మరీ చెప్పారు, ఇదేనా?"

"ఇదే."

"దేవసాయం దిగిన రోజు మీకిది రాలేదా?"

"రాలేదు" అన్నాను. అది నిజం.

"నేనూ అదే అనుకున్నా. ఆ తలుపు మీకే చెప్పలేదంటే ఇంకెవరికి చెబుతుంది? మీరేం చేస్తారు పాపం." పాపని భుజాన వేసుకుని లేచింది. "నలభయ్యో రోజు లోపల మీరే చెప్పండి. పంచాయితీ మాట నాకక్కర్లేదు. ఇది ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు గట్టు మీద మీరొక్కరే గదా."


పంతొమ్మిదో రోజు

తలుపు 15. బూడిద: తడి (ఉమ్మి). దిగినవారు: ఎవరూ లేరు.

దేవసాయం పోయాక నేనేం చేస్తున్నానో ఇక్కడ రాస్తాను.

చెమట రానప్పుడు కళ్ళతో చూస్తున్నాను. పలక మీద ముప్పై రెండేళ్ళు భయపడినవాడికి ఎటు చూడాలో తెలుస్తుంది. గాడి అడుగున నీళ్ళు అన్నం ఉడికినట్టు బుడగలు తీస్తే మొదటి గుర్తు. గొలుసు తడితే ఒక చప్పుడు రావాలి, రెండొస్తే రెండో గుర్తు. పీతలు గాడిలోంచి గోడెక్కి పైకొస్తుంటే మూడోది. మడమ కింద పలక సన్నగా జలదరిస్తే నాలుగోది. ఏ ఒక్కటి కనపడినా పాట నాలుగో చరణంలో దగ్గినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. బూడిద తడుస్తుంది. ఏడు నెలల్లో ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

పన్నెండో తలుపు రోజున మూడు గుర్తులున్నాయి. పీతలు నా పాదాల మీంచే పోయాయి. నేను చూడలేదు. చెయ్యి పొడిగా ఉంది కదా అనుకున్నాను. వణుకు దేవుడి స్వరమని నేనే బోధించాను, నా బోధ నేనే నమ్మాను, స్వరం రాలేదు కనక ప్రమాదం లేదనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. గుర్తులు చూడటం ఎవరికైనా నేర్పొచ్చు. నేర్పితే ఆ పిల్ల పలక ఎక్కాల్సిన పని లేదు, చుక్కలు వేసుకుని అందరిలా పెరగొచ్చు. అది తెలిసీ పదహారు రోజులుగా నోరు మూసుకున్నాను. పదవి పోతుందని కాదు. బోధ అబద్ధమవుతుందని కొంత. మిగతాది ఇది: యాభై ఎనిమిదేళ్ళు ఈ గట్టు మీద ఒంటరిగా భయపడ్డాను. ఇంకొకరుంటే బాగుండునని ఉంది. ఒక పసిగుడ్డుని నాకు తోడుగా వణికించాలని ఉంది. పరంజ్యోతీ, నరకం గురించి రెండు గంటలు చెప్పగలవు గదా, ఇది చెప్పు!


ఇరవై మూడో రోజు

తలుపు 4. బూడిద: పొడి. దిగినవారు: ఐదుగురు. ఎక్కినవారు: ఐదుగురు.

వజ్రమ్మ ఇంటికెళ్ళాను. పాపకి నూనె రాస్తోంది. నిలబడే చెప్పాను. రెండేళ్ళుగా చెయ్యి తడవడం లేదని, పన్నెండో తలుపు రోజున పీతలు ఎక్కాయని, నేను చూడలేదని.

ఆమె పాపని చాప మీద పడుకోబెట్టింది. చేతులు గుడ్డతో తుడుచుకుంది. లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. గట్టు మీద పదేళ్ళు గొలుసులు లాగిన చెయ్యి అది. నేను గోడకి తగిలాను. మళ్ళీ కూర్చుని పాపకి రెండో కాలు రాయడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు నూనెలో పడుతున్నాయి, తుడవలేదు.

కాలు పూర్తయ్యాక, "ఆ గుర్తులేంటో చెప్పండి" అంది.

చెప్పాను. ఒకసారికే పట్టుకుంది.

"ఇవి పంచాయితీలో చెప్పారా?"

"రేపు చెబుతాను."

"ముందు నాకెందుకు చెప్పారు?"

"కొట్టే హక్కు ముందు నీది."

"ఆయన హక్కు కూడా ఉంది" అని లేచి రెండో చెంప మీద కొట్టింది.


ఇరవై నాలుగో రోజు

తలుపు 19. బూడిద: వెయ్యలేదు.

పంచాయితీ. మోకాళ్ళ మీద నిలబడి అంతా ఒప్పుకున్నాను. రాళ్ళు వేస్తారేమోనని గ్రంథం గుండెకి అడ్డం పట్టుకున్నాను. ఐదుగురూ విన్నారు.

"అంటే ఈ ఏడు నెలలూ మేం మీ ఉమ్మి చూసి ఆగామన్నమాట" అన్నాడు సువర్ణరాజు.

"అవును."

"ఎవరూ పోలేదు గదా."

"పోలేదు. కానీ అంతకుముందు..."

"అంతకుముందుది తప్పే. వజ్రమ్మ కొట్టిందిగా, కనబడుతూనే ఉంది." మిగతావాళ్ళ వైపు చూశాడు. "ఆ గుర్తులు మాకు నేర్పండి. మేమే చూసుకుంటాం. అప్పుడు పిల్లకి చుక్కలు వేసెయ్యొచ్చు. లేవండి అయ్యగారూ, మోకాళ్ళు పట్టేస్తాయి."

ఆరుగురికి నేర్పడం మొదలుపెట్టాను. చాలా చురుకైనవాళ్ళు. సాయంత్రానికి నాలుగు గుర్తులూ వరసగా అప్పజెప్పారు. ఒకరు బొమ్మలు కూడా గీశారు.


ముప్పై ఒకటో రోజు

తలుపు 9. దిగినవారు: ముగ్గురు. ఎక్కినవారు: ముగ్గురు. ఎక్కని వేళ్ళు: రెండు.

తొమ్మిదో తలుపు జారింది. సువర్ణరాజు ఎడమ కాలి వేళ్ళు రెండు పోయాయి. ఎలిసమ్మక్క కట్టు కడుతుంటే అతను మామిడికాయ ముక్క నములుతున్నాడు.

"గుర్తులు చూడలేదా రాజూ?" అని అరిచాను.

"చూశాం అయ్యగారూ. బుడగలున్నాయి. గొలుసు రెండు చప్పుళ్ళు చేసింది. పీతలైతే బోలెడు."

"మరి ఎందుకు దిగావురా!"

నా వైపు నిజంగా అర్థం కానట్టు చూశాడు. "దిగే టైమయింది గదండీ."

గ్రంథం తెరిచాను, ఏ పేజీలోనూ దీనికి జవాబు లేదు. వాళ్ళకి ప్రమాదం కనబడుతుంది. అక్షరం అక్షరం కనబడుతుంది. "ఇక్కణ్ణించి పో" అని లోపల మోసేది లేదు, అంతే. కబురు గుమ్మం దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

పంచాయితీ మళ్ళీ మాట మార్చింది. పిల్లకి చుక్కలు వద్దన్నారు. ఇంకా తొమ్మిది రోజులుంది.


ముప్పై మూడో రోజు

తలుపు 9. బూడిద: తడి (పోసిన నీళ్ళు). దిగినవారు: ఎవరూ లేరు.

ఇది వజ్రమ్మ చేసిన పని. పాపని చంకనేసుకుని పంచాయితీలోకి వచ్చి సువర్ణరాజుని నిలదీసింది.

"బావా, ఇన్నేళ్ళూ అయ్యగారి బూడిద తడిస్తే ఎందుకు ఆగావు?"

"బూడిద తడిస్తే దిగకూడదు. అది పద్ధతి."

"పీతలెక్కితే?"

"అది సమాచారం."

"అయితే దాన్నీ పద్ధతి చెయ్యి. గుర్తు ఎవరు చూస్తే వాళ్ళు నీ అరచేతిలో బూడిద వేసి దాని మీద చెంబుడు నీళ్ళు పొయ్యాలి. బూడిద తడిస్తే దిగకూడదు గదా?"

"దిగకూడదు" అన్నాడు సువర్ణరాజు, తిరుగులేనట్టు.

ఇవాళ తొమ్మిదో తలుపు దగ్గర గొలుసు రెండు చప్పుళ్ళు చేసింది. ఒకరు నీళ్ళు పోశారు. సువర్ణరాజు తన చెయ్యి తనే చూసుకుని, "తడిసింది" అని ప్రకటించి, కుంటుకుంటూ వెనక్కి తిరిగాడు. ఐదు చరణాలూ పాడారు. నన్ను పలక మీద నిలబడమని ఎవరూ అడగలేదు. ఈ పుస్తకం మాత్రం నన్నే రాయమన్నారు, చేతిరాత బాగుందట.

పిల్ల అవసరం లేదని పంచాయితీ తేల్చింది. చుక్కలు వేసుకోవచ్చు.


ముప్పై తొమ్మిదో రోజు

తలుపు 21. బూడిద: పొడి. దిగినవారు: ఆరుగురు. ఎక్కినవారు: ఆరుగురు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే వజ్రమ్మ వచ్చింది. నేను చెయ్యి కడుక్కోబోతే వద్దంది. గుమ్మంలో కూర్చుంది. పాప మెలకువగా ఉంది, గోడ మీద ఎండని చూస్తోంది.

"ఎలిసమ్మక్క సీసా తీసి ఉంచింది. రేపు సాయంత్రం లోపు ఎప్పుడైనా రమ్మంది. మీరింకా నాకు జవాబు చెప్పలేదు."

"ఇప్పుడు అవసరం లేదుగా అమ్మా. పలక మీద ఎవరూ నిలబడక్కర్లేదు."

"పలక సంగతి కాదు. పిల్ల సంగతి."

ముద్ద కంచంలో పెట్టేశాను. "నా మాట వినకు. నాకు తోడు కావాలని ఉంది. అందుకే మొదట్లో ఏమీ చెప్పలేదు. నా నాలుక మీద ఏ మాట వచ్చినా అందులో అది ఉంటుంది."

"సరే, అది తీసేసి వింటాను. అడిగినదానికి చెప్పండి చాలు. ఈ భయం లేకపోతే బాగుండునని ఎప్పుడైనా అనుకున్నారా?"

"రోజూ."

"రెండేళ్ళ కింద పోయిందన్నారు గదా. పోయాక?"

వరం, స్వరం, దేవుడి చెయ్యి, చాలా మాటలున్నాయి నా దగ్గర. అవన్నీ పక్కన పెట్టాను.

"వెతుక్కున్నాను" అన్నాను.

ఆమె తల ఊపింది. "దేవసాయం దిగిన రోజు నేను ఆ తలుపు పక్కనే కూర్చుని వల అల్లుతున్నాను. ఐదుగురు ఎక్కారు. బట్టలు పిండుకున్నారు. వెళ్ళిపోయారు. నేను ఇంకో రెండు వరసలు అల్లాను. ఆయనేడీ అని అనిపించడానికి అంతసేపు పట్టింది. మీరైతే?"

"పలక మీద వణుకు పోయింది కానీ, వాళ్ళు దిగాక ఇప్పటికీ తలలు చూస్తూ ఉంటాను. ఆఖరి తల పైకొచ్చేదాకా నాకు ఊపిరి ఆడదు."

"ఎవరు చెప్పారు అలా చూడమని?"

"ఎవరూ చెప్పలేదు. చూడకుండా ఉండలేను."

"అంత ప్రేమా మీకు వాళ్ళంటే?"

"కొందరంటే పడదు కూడా."

ఆమె నవ్వింది. పాప గడ్డం కింద వేలు పెట్టి మొహం తనవైపు తిప్పుకుంది. "నాకు దీనంటే ప్రాణం. కానీ ఇది గట్టు అంచుకి పాకితే, నాలో ఏదీ లేవదు. చూస్తాను. అంచు అని తెలుస్తుంది. పద్ధతి ఉంటే లేస్తాను. ఇదైనా తన కోసం తను లేవాలి గదా."

ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. చుక్కలు వేయిస్తుందో లేదో చెప్పలేదు, నేను అడగలేదు. అన్నం చల్లారిపోయింది.


నలభయ్యో రోజు

తలుపు 3. బూడిద: తడి (పోసిన నీళ్ళు). దిగినవారు: ఎవరూ లేరు.

ఎలిసమ్మక్క పొద్దు వాలేదాకా తన గుమ్మంలో కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆమె లేచి సీసా మూత బిగించింది.

"ఏం చెప్పావురా దానికి?"

"అడిగినదానికి చెప్పాను."

"బోధ చెప్పలేదుగా?"

"లేదు."

"అందుకే విన్నది" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.


నలభై ఆరో రోజు

తలుపు 9. బూడిద: పొడి. దిగినవారు: ఎవరూ లేరు.

వజ్రమ్మ ఇవాళ్టి నుంచి పనిలోకి వచ్చింది. పాపని బుట్టలో పెట్టి నా పక్కన ఉంచింది. గుర్తులు చూశారు, ఏమీ లేవు. సువర్ణరాజు చేతిలో బూడిద పొడిగా ఉంది. పాట అయిపోయింది. గొలుసు సరిచేస్తుంటే పక్క తలుపు మీది ఇనుప కడ్డీ జారి గట్టు మీద పడింది. పెద్ద చప్పుడు. ఎవరికీ తగల్లేదు, ఎవరూ తల తిప్పలేదు.

బుట్టలోంచి ఒక కేక వచ్చింది. అలాంటి కేక ఈ గట్టు మీద నేను తప్ప ఎవరూ వెయ్యలేదు. చేతులు రెండూ గాల్లోకి లేచాయి, వేళ్ళు విచ్చుకున్నాయి, మొహం నల్లబడింది.

వజ్రమ్మ వచ్చి పాలు ఇవ్వబోయింది. పట్టలేదు. గుడ్డ విప్పి చూసింది, పొడిగానే ఉంది. చీమ కుట్టిందేమోనని వీపంతా వెతికింది.

"ఏమైంది దీనికి?"

"ఏమీ కాలేదు. భయపడింది."

చేతులు ఆపేసింది. "ఇదేనా?"

"ఇదే."

"ఏం చెయ్యాలి?"

"ఎత్తుకో."

"ఎత్తుకుంటే ఆ కడ్డీ పడకుండా ఉంటుందా?"

"ఉండదు."

"మరి ఎందుకు?"

"తెలీదమ్మా. ఎత్తుకో."

ఎత్తుకుంది. ఎలా పట్టుకోవాలో తెలీక మొదట బస్తా పట్టినట్టు పట్టింది. నేను చూపించాను: తల మెడ వంపులోకి, చెయ్యి వీపు మీద. పాప పిడికిలి ఆమె జాకెట్టు అంచుని పట్టుకుంది. కేక ఏడుపయింది, ఏడుపు వెక్కిళ్ళయింది.

"దీని గుండె నా మీద కొట్టుకుంటోంది" అంది వజ్రమ్మ. గొంతు తగ్గించి చెప్పింది, ఎవరూ అలా చెప్పమనలేదు.

సువర్ణరాజు కుంటుకుంటూ వచ్చాడు. "వజ్రమ్మా, దిగే టైమయింది."

"ఆగు బావా. ఇది భయపడింది."

అతను చేతిలోని బూడిద చూసుకున్నాడు. పాపని చూశాడు. "తలుపు బాగానే ఉందిగా."

"తలుపు బాగానే ఉంది."

"మరి ఎంతసేపు?"

ఆమె నా వైపు చూసింది.

"అదే చెబుతుంది" అన్నాను.

మిగతా నలుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. పాప వెక్కిన ప్రతిసారీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తగ్గిందా?" అని ఒకరు. "మళ్ళీ వస్తుందా?" అని ఇంకొకరు. ఒకామె, అడక్కుండానే, పాప అరికాలు తన గుప్పిట్లో పట్టుకుని ఉంచుకుంది. ఎవరూ పాడలేదు, నేను బోధ చెప్పలేదు. నీళ్ళు తగ్గే వేళ దాటిపోయింది, గాడి గీకడం రేపటికి పడింది.

గుర్తు ఒక్కటీ లేకపోయినా, బూడిద పొడిగా ఉన్నా ఎవరూ దిగని రోజు ఈ పుస్తకం మొత్తంలో ఇదొక్కటే. కారణం రాయడానికి గడి లేదు. అంచున రాశాను: పాపని ఎత్తుకున్నారు.